వెనక పొగ రాని వ్యాను

మోటారు వాహనాల తనిఖీ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొస్తుంటారు. కాఫీ తాగుతూ అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "మీ రోజుల్లో పొగ కొలిచే యంత్రాలు లేవు కదండీ, ఎలా చూసేవారు?" అని. ముక్కుతో చూసేవాళ్ళం, కళ్ళతో చూసేవాళ్ళం, చెవులతో చూసేవాళ్ళం. చాలాసార్లు సరిగ్గానే చూశాం. ఒక్కోసారి చూడాల్సిన చోట చూడలేదు. నేనెప్పుడు ఏ హోదాకి ఎదిగానో వాళ్ళకి అక్కర్లేదు. పనిలో నేను చూసిన ఒక సంగతి మాత్రం వాళ్ళకి పనికొస్తుందనిపించి ఇది రాస్తున్నాను.

అరవయ్యో దశకం చివరి మాట. మా ఇల్లు టెక్కలిలో. మా నాన్నగారు అక్కడ గుడిలో అర్చకులు. నేను ఇంజనీరింగు డిప్లొమా చదివి ఈ ఉద్యోగంలో పడ్డాను. జనం మమ్మల్ని బ్రేకు ఇన్స్పెక్టర్లనేవారు. బండిని కాస్త దూరం పరుగెత్తించి, బ్రేకు తొక్కించి, అది ఎక్కడ ఆగిందో చూడడమే మా పని అని వాళ్ళ లెక్క. ప్రతి బస్సూ, లారీ, అద్దె బండీ ఏడాదికోసారి మా ముందుకొచ్చి, రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని మా చేత ధ్రువపత్రం పుచ్చుకోవాలి. దాన్ని ఎఫ్.సి. అనేవాళ్ళం. సముద్రం ఒడ్డు తోటల సీమ ఉద్దానం వైపు బండ్లన్నీ పలాసలో ట్రావెలర్స్ బంగళా ఆవరణకి వచ్చేవి. మా క్యాంపు అక్కడే.

జెట్టు సంగతి

ఇప్పటి కార్లలో కంప్యూటర్లుంటాయట. వాటి లెక్కలు మార్చేసి ఇంజనుకి బలం పెంచుకుంటారట. ఆ మధ్య ఒక కుర్ర ఇన్స్పెక్టరు ఇదేదో కొత్త జబ్బన్నట్టు చెప్పాడు. కొత్తదేమీ కాదు. మా రోజుల్లో కంప్యూటరు లేదు, కార్బొరేటరు ఉండేది. పెట్రోలూ గాలీ కలిసి ఇంజన్లోకి వెళ్ళే చోటు అది. అందులో గోరంత ఇత్తడి ముక్క ఉంటుంది. దాని పేరు జెట్టు. దానికి సూది దూరేటంత రంధ్రం. ఎంత పెట్రోలు లోపలికి పోవాలో తేల్చేది ఆ రంధ్రమే. మెకానిక్కులు సన్నటి బరమాతో దాన్ని కాస్త పెద్దది చేసేవారు. అప్పుడు పెట్రోలు ఎక్కువ పడుతుంది, బండి ఉరుకుతుంది. కాని అంత పెట్రోలు కాలడానికి సరిపడా గాలి ఉండదు. సగం కాలి, సగం కాలక, విషవాయువై బయటికొస్తుంది. నల్లగా వచ్చేది కంటికి కనిపిస్తుంది. అసలు చంపేది కనిపించదు. దానికి రంగూ లేదు, వాసనా లేదు.

ఈ చివరి రెండు వాక్యాలూ నేను డిప్లొమా పుస్తకంలో చదివాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. వాటికి అర్థం మాత్రం ఉద్దానం ఇసుకలో తెలిసింది.

చలపతిరావుగారి చేతిరుమాలు

మా పై అధికారి చలపతిరావుగారు శ్రీకాకుళంలో ఉండేవారు. నెలకోసారి మా క్యాంపుకి వచ్చేవారు. బండి యజమాని ఇచ్చిన కాఫీ కూడా ముట్టని మనిషి. ఇంటి నుంచి మరచెంబుతో మంచినీళ్ళు తెచ్చుకునేవారు. బ్రేకుల విషయంలో, స్టీరింగు విషయంలో ఆయనంత పట్టింపు గల అధికారిని నేను మళ్ళీ చూడలేదు. ఆయన దగ్గర నేర్చుకున్నదాంతోనే ఇన్నేళ్ళు అన్నం తిన్నాను. అది ముందు చెప్పాలి.

పొగ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆయనకొక సొంత పద్ధతి ఉండేది. ఇంజను ఆన్ చేయించి, తెల్ల చేతిరుమాలు విప్పి, బండి వెనక గొట్టం దగ్గర పట్టుకునేవారు. నల్లబడితే బండి వెనక్కి. తెల్లగా ఉంటే పాసు. "పొగంటే కనిపించేదేనయ్యా. కనిపించనిదాని మీద నువ్వేం రాస్తావు?" అనేవారు. డీజిలు లారీలకి ఆ పద్ధతి బాగానే పనిచేసేది. ఆ రుమాలు చూసి భయపడి పంపులు బాగు చేయించుకుని వచ్చినవాళ్ళు ఎందరో.

ఆ ఏడు వానాకాలం మొదట్లో ఆయన క్యాంపుకి వచ్చిన రోజునే గున్నయ్య వ్యాను వచ్చింది. కాశీబుగ్గ గున్నయ్య. మిలిటరీ వాళ్ళు వేలంలో అమ్మేసిన పాత పెట్రోలు వ్యాను కొనుక్కుని, వెనకాల చెక్క బల్లలు వేయించి, పైనా పక్కలా టార్పాలిను కట్టించి, పలాస నుంచి వజ్రపుకొత్తూరు వైపు సముద్రం ఒడ్డు ఊళ్ళకి మనుషుల్ని తిప్పేవాడు. బస్సులు ఇసుకకి భయపడి ఆగిపోయే చోటు నుంచి ఆ వ్యానే దిక్కు. జబ్బు చేసినవాడు ఆసుపత్రికి రావాలన్నా, చేపల బుట్ట సంతకి చేరాలన్నా గున్నయ్యే. ఆ ఇసుకలో ఈడవడం కోసం జెట్టు పెద్దది చేయించి ఇంజనుకి బాగా బలం పట్టించాడని పలాసలో అందరికీ తెలుసు. ఆ పని చేసింది అతని బావ బైరాగి. బరంపురంలో పని నేర్చుకొచ్చి కాశీబుగ్గలో షెడ్డు పెట్టాడు. చేతి పనిమంతుడే, నోరు కూడా పెద్దదే.

చలపతిరావుగారు బ్రేకులు చూశారు, బాగున్నాయి. స్టీరింగు చూశారు, బాగుంది. గొట్టం దగ్గర రుమాలు పట్టారు. మల్లెపువ్వులా ఉంది.

"చూశావటయ్యా? మిలిటరీ బండంటే అదీ," అన్నారు నాతో.

నేనప్పుడు వ్యాను వెనక బల్ల మీద కూర్చుని ఉన్నాను. కళ్ళు మండుతున్నాయి. ఆ మాటే చెప్పాను.

"పలాసలో కళ్ళు మండనిదెవరికి? జీడిపిక్కల బట్టీల పొగ అది. ఊరంతా అదే కదా," అన్నారాయన.

ఆ మాటా నిజమే. గాలి అటునుంచి వీస్తే పలాసలో పసిపిల్లలకి కూడా కళ్ళమ్మట నీళ్ళు కారతాయి. ఆయన సంతకం పెట్టేశారు. ఇంత మోతతో ఇంజను ఆడుతుంటే వెనక గొట్టంలోంచి రుమాలు కదిలేటంత గాలి కూడా ఎందుకు రావడం లేదు, ఆ వచ్చేదంతా ఎటు పోతోంది అని ఎవరూ అడగలేదు.

ఇసుక దిబ్బ దగ్గర

కొన్ని వారాల తర్వాత వజ్రపుకొత్తూరు అవతల ఒక లారీ కల్వర్టు మీంచి జారి పక్కకి ఒరిగిపోయిందంటే చూడ్డానికి వెళ్ళాను. మనుషులకేం కాలేదు. పని ముగిసేసరికి వాన పట్టుకుంది. తిరుగు బస్సు వెళ్ళిపోయింది. గున్నయ్య వ్యాను కనిపిస్తే ఎక్కబోయాను. వెనక చేపల బుట్టలతో ఇద్దరు ఆడవాళ్ళు, ఒక ముసలాయన, నూకమ్మ అనే, చేపలు పట్టే పల్లెకారుల ఆవిడ, ఆమె కూతురు ఎర్రమ్మ. ఎర్రమ్మకి నెలలు నిండాయి. కాళ్ళు వాచాయని పలాస ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు.

నన్ను చూసి నూకమ్మ చెయ్యూపింది. "నువ్వు ముందరకెల్లి కూకో బాబూ. ఈ సేపల కంపు నువ్వు పట్టనేవు."

నేను ముందు, గున్నయ్య పక్కన కూర్చున్నాను. ఆ వైపు తలుపు లేదు, వాన జల్లు కొడుతోంది. వెనక మాత్రం తడవకుండా టార్పాలిను పూర్తిగా దించి తాళ్ళు బిగించి కట్టేశారు. మధ్యలో ఒక చిన్న కిటికీ లాంటి సందు. దాంట్లోంచి నూకమ్మ నాతో మాట్లాడుతూనే ఉంది.

"ఈ దారిలో జీడితోట కాడ ఇసకదిబ్బొకటుంది సూడు బాబూ, అక్కడ ఏదో ఉంది. ఆ దిబ్బ ఎక్కినప్పుడల్లా బండిలో ఉన్నోల్లకి తల తిరిగిపోతాది. మొన్న మా ఈదిలో కుర్రోడొకడు అక్కడే సొమ్మసిల్లి పడిపోనాడు. డోకు కూడా."

"అక్కడ నడిచి వెళ్ళేవాళ్ళకి కూడా అలాగే అవుతుందా?" అని అడిగాను.

"నడిసినోల్లకేటీ అవ్వదు. ఎడ్లబండోల్లకీ అవ్వదు. ఈ బండంటేనే దానికి పగ."

గున్నయ్య స్టీరింగు మీద చెయ్యి తీసి దణ్ణం పెట్టుకున్నాడు. "నిజమే బాబూ. మొన్న అమాసకి అక్కడ కోడిని కూడా కోసినాను."

నడిచేవాళ్ళకి లేదు, ఎడ్లబండికి లేదు, ఈ వ్యానుకే ఉంది. ఆ మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఇంతలో దిబ్బ వచ్చింది. గున్నయ్య మొదటి గేరు వేసి యాక్సిలరేటరు అడుగంటా తొక్కాడు. ఇంజను గర్జిస్తోంది, చక్రాలు ఇసుకని వెనక్కి చిమ్ముతున్నాయి, బండి అంగుళం అంగుళం పాకుతోంది. వెనక నూకమ్మ తన పెద్దల్లుడి గురించి ఏదో చెబుతోంది. చెబుతూ చెబుతూ ఆగిపోయింది.

"నూకమ్మా!" అని పిలిచాను. పలకలేదు.

సందులోంచి చూశాను. చీకటిగా ఉంది. బుట్ట మీద తల వాల్చిన ముసలాయన ఒక్కడే కనిపించాడు.

"ఆపు గున్నయ్యా!"

"ఇక్కడాపితే మరి కదల్దండి బాబూ! ఇసకలో దిగడిపోతాది!"

"దిగబడనీ. ఇంజను కూడా ఆపేయి!"

వెనక్కి పరుగెత్తాం. తాళ్ళు వానకి తడిసి బిగిసిపోయాయి, ముడి రావడం లేదు. గున్నయ్య చేపలు కోసే కత్తి తెచ్చి తాళ్ళు తెంపేశాడు. టార్పాలిను ఎత్తేసరికి వేడిగా ఒక గాలి మొహానికి కొట్టింది. ఒక్కొక్కరినే దింపి జీడిచెట్ల కింద తడి ఇసుక మీద పడుకోబెట్టాం. ఎర్రమ్మని ఇద్దరం పట్టుకుని దించాం. మనిషి బరువంతా మా చేతుల మీదే ఉంది. తల ఒక పక్కకి వేలాడిపోయింది.

సముద్రపు గాలి చల్లగా, జోరుగా వీస్తోంది. దాన్నే నమ్ముకున్నాం. ముందు ముసలాయన కక్కుకుని కళ్ళు తెరిచాడు. చేపల ఆడవాళ్ళు మూలుగుతూ లేచి కూర్చున్నారు. నూకమ్మకి తెలివి రాగానే పాక్కుంటూ కూతురి దగ్గరికి వెళ్ళింది.

"ఓలమ్మో, నా పిల్ల! ఎర్రీ! ఓలి ఎర్రీ!"

కాసేపటికి ఎర్రమ్మ కళ్ళు విప్పింది. "అమ్మా, తల పగిలిపోతంది," అంది. నూకమ్మ ఆమె కడుపు మీద చెయ్యి వేసి, "లోపల కదుల్తందేటి?" అని అడిగింది.

ఎర్రమ్మ తల అడ్డంగా ఊపింది. "తెలవడం నేదమ్మా."

నేను వ్యాను కిందకి దూరాను. ఇంజను దగ్గర నుంచి వచ్చే గొట్టానికి మధ్యలో సైలెన్సరు ఉండాలి. అది లేదు. దాన్ని తీసేసి, ఆ జాగాలో రేకు చుట్టి వెనక గొట్టానికి కలిపారు. ఆ రేకు ఊడిపోయి ఎన్నాళ్ళయిందో! గొట్టం నోరు సరిగ్గా వెనక బల్లల కిందకి తెరుచుకుని ఉంది. నేల చెక్కలు ఎండకి ముడుచుకుపోయి వేలు దూరేటంత సందులిచ్చాయి. చలపతిరావుగారు రుమాలు పట్టిన వెనక గొట్టం దేనికీ తగులుకోకుండా ఊరికే వేలాడుతోంది. ఇంజను వదిలిన ప్రతి ఊపిరీ టార్పాలిను లోపలికే పోతోంది. దిబ్బ ఎక్కేటప్పుడు ఇంజను మరీ ఎక్కువ వదులుతుంది, బండి మరీ మెల్లగా కదులుతుంది కాబట్టి లోపల గాలి ఆడదు. అక్కడి దెయ్యం అంతే.

బయటికొచ్చి గున్నయ్యకి చూపించాను. అతని మొహంలో నెత్తురు లేదు.

"సైలెన్సరు తీసీమని మా బావే సెప్పినాడండి. అదుంటే ఇంజనుకి ఊపిరాడదన్నాడు."

"ఇంజనుకి ఊపిరాడాలని మనుషులకి ఊపిరాడకుండా చేశారు గున్నయ్యా," అన్నాను. అతనక్కడే కూలబడ్డాడు.

కూర్చుని ఏడవడానికి వేళ కాదది. ఎర్రమ్మని ఆసుపత్రికి చేర్చాలంటే ఆ బండి తప్ప ఇంకోటి లేదు. టార్పాలిను మొత్తం పీకేశాం. తల్లినీ కూతుర్నీ తలుపు లేని ముందు సీట్లో కూర్చోబెట్టాం. మిగిలినవాళ్ళు దిబ్బ దాటేదాకా నడుస్తామన్నారు. బండి ఇరుసుల దాకా దిగబడి ఉంది. తోటలో పనిచేసేవాళ్ళు కేకలు విని వచ్చారు. కొబ్బరి మట్టలు తెచ్చి చక్రాల ముందు పరిచి వెనక నుంచి తోశారు. ఆశ్చర్యమేమిటంటే, గున్నయ్య యాక్సిలరేటరు సగం కూడా తొక్కకుండానే బండి దిబ్బ ఎక్కేసింది. అప్పుడు దాని గురించి ఆలోచించే తీరిక లేదు. వానలో తడుస్తూ వెనక నిలబడి పలాస దాకా వచ్చాం.

డాక్టరమ్మగారి గొట్టం

ఆసుపత్రిలో డాక్టరమ్మగారు ఎర్రమ్మని చూడగానే ఏం జరిగిందని అడిగారు. చెప్పాను. ఆవిడ నన్ను పక్కకి పిలిచారు.

"చలికాలంలో తలుపులు మూసుకుని బొగ్గుల కుంపటి పక్కన పడుకున్నవాళ్ళని నా దగ్గరికి తెస్తుంటారు ఇన్స్పెక్టరుగారూ. అదే విషం ఇది. తల్లి తట్టుకున్నా బిడ్డ తట్టుకోవడం కష్టం," అని మెల్లగా, నూకమ్మకి వినపడకుండా అన్నారు.

ఎర్రమ్మకి ఆక్సిజను పెట్టించారు. తర్వాత కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినే చెక్క గొట్టం తీసి, ఒక కొస ఆమె కడుపు మీద ఆనించి, రెండో కొస దగ్గర చెవి పెట్టి వంగారు. గది తలుపు దగ్గర నేనూ గున్నయ్యా నిలబడ్డాం. నూకమ్మ మంచం కోడు పట్టుకుని కూర్చుంది. డాక్టరమ్మగారు గొట్టం ఒక చోట పెట్టి విన్నారు. జరిపి ఇంకో చోట విన్నారు. మళ్ళీ జరిపారు. నర్సుని మాట్లాడొద్దని చేత్తో సైగ చేశారు. గున్నయ్య పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుడికి మొక్కుతున్నాడో. నాకు మా నాన్నగారు నేర్పిన మంత్రాలు ఒక్కటీ గుర్తు రాలేదు.

చివరికి ఆవిడ తలెత్తారు.

"కొట్టుకుంటోంది," అన్నారు. "మెల్లగానే, కాని కొట్టుకుంటోంది."

నూకమ్మ రెండు చేతులూ మొహానికి కప్పుకుని ఏడ్చింది. గున్నయ్య బయటికి పరుగెత్తి గోడకి ఆనుకుని ఏడ్చాడు. నేను అక్కడున్న బల్ల మీద కూర్చుండిపోయాను. కాసేపటికి ఎర్రమ్మే ఆక్సిజను ముసుగు పక్కకి జరిపి, "అమ్మా, తన్నినాది," అంది. ఆ మాటకి నర్సు కూడా నవ్వేసింది. డాక్టరమ్మగారు ఆమెని కాన్పు అయ్యేదాకా ఆసుపత్రిలోనే ఉంచారు. ఆడపిల్ల పుట్టింది. ఏ లోటూ లేదు. పుట్టగానే వార్డంతా మార్మోగేలా ఏడ్చిందట.

బండిలో కూర్చున్న అధికారి

నేను అక్కడికక్కడే వ్యాను ఆపేయించి ఎఫ్.సి. చెల్లదని రాశాను. ఆ కబురు శ్రీకాకుళం చేరగానే చలపతిరావుగారు స్వయంగా పలాస వచ్చారు. మొహం గంభీరంగా ఉంది.

"నేనిచ్చిన ఎఫ్.సి.ని నువ్వు రద్దు చేశావు. బాగుంది. మూసిన బండి, చేపల కంపు, నిండు గర్భిణి. కళ్ళు తిరగవూ? దానికి వాసనా రంగూ లేని గాలి అని పేరు పెడితే నేను నమ్మాలా?"

నాకు ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు. ఇంట్లో నా జీతం మీదే అందరి బతుకూ. అయినా వెనక్కి తగ్గాలనిపించలేదు. గొట్టం మీద చెవి ఆనించి వంగిన డాక్టరమ్మగారే కళ్ళ ముందు కదులుతున్నారు.

"మీరు వచ్చి చూడండి సార్. బండిని ఎలా ఉన్నదాన్ని అలాగే ఉంచాను," అన్నాను.

"చూడడం కాదు, కూర్చుంటాను," అన్నారాయన.

ఇక్కడ ఒక మాట. ఆ రోజు మేం చేసిన పని ఎవరూ చేయకండి. మా దగ్గర కొలిచే పరికరం లేదు, ఆయన పట్టుదల మనిషి. అంతే తప్ప అది పరీక్ష కాదు, ప్రాణాలతో చెలగాటం.

నేనొక షరతు పెట్టాను. లోపల కూర్చున్నంతసేపూ ఆయన నాతో మాట్లాడుతూనే ఉండాలి. మాట తడబడితే నేను టార్పాలిను తెరిచేస్తాను. సరేనన్నారు. బంగళా ఆవరణలో గున్నయ్య, బైరాగి, నూకమ్మ, ఒడ్డు ఊళ్ళ నుంచి వచ్చిన మరికొందరు చుట్టూ నిలబడ్డారు. వ్యాను మళ్ళీ తిప్పమని అడగడానికి వచ్చినవాళ్ళు వాళ్ళు. చలపతిరావుగారు వెనక బల్ల మీద కూర్చున్నారు, టార్పాలిను మళ్ళీ దించి తాళ్ళు బిగించాం, యాక్సిలరేటరు తొక్కించి ఇంజను రేజు చేయించాం.

ఆయన లోపల్నుంచి తన తొలి ఉద్యోగం గురించి చెప్పడం మొదలుపెట్టారు. గొంతు ఖంగుమంటోంది. బైరాగి నా వైపు చూసి కళ్ళెగరేశాడు. "ఏటండీ, బానే ఉన్నారు కదా?" అన్నాడు. నేను చెవి టార్పాలినుకి ఆనించాను. మద్రాసులో పరీక్ష రాసిన సంగతి చెబుతున్నారు. చెప్పిన వాక్యమే మళ్ళీ చెప్పారు. మూడోసారి అదే వాక్యం ఎత్తుకుని మధ్యలో ఆగారు.

టార్పాలిను లాగేశాను. ఆయన బల్ల పట్టుకుని లేవబోయి లేవలేకపోయారు. పట్టుకుని దింపాం. చెట్టు మొదట్లో కూర్చుని వాంతి చేసుకున్నారు. నూకమ్మ పరుగెత్తుకొచ్చి కొంగుతో విసిరింది. "మెల్లిగా గాలి పీల్సుకో బాబూ. మా పిల్లకీ ఇలగే అయినాది," అంటూ వీపు నిమిరింది. మరచెంబు నీళ్ళు తప్ప ముట్టని ఆ మనిషి ఆమె తెచ్చిన కొబ్బరిబొండం రెండు చేతుల్తో పట్టుకుని తాగారు.

తేరుకున్నాక జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకున్నారు. దాన్ని ఒకసారి విప్పి చూసుకున్నారు.

"ఇది మొహం తుడుచుకోవడానికేనయ్యా. ఇంకెందుకూ పనికిరాదు," అన్నారు. తర్వాత కాగితం అడిగి తీసుకుని, ఎఫ్.సి. రద్దు కింద నా సంతకం పక్కన తన సంతకం పెట్టారు. "తప్పు నాది. రద్దు చేయాల్సింది కూడా నేనే. నీ ఒక్కడి మీద పడకూడదు."

నా సర్వీసులో ఎందరో అధికార్లని చూశాను. తప్పు చేయనివాడు లేడు. అందరి ముందూ ఒప్పుకుని ఆ కాగితం మీద సంతకం పెట్టినవాడు మాత్రం ఆయనొక్కడే. ఆ రోజు నా భుజాల మీంచి దిగిన బరువు ఎంతో నేను చెప్పలేను.

బండీ ఉండాలి, మనుషులూ ఉండాలి

అక్కడితో అయిపోలేదు. నూకమ్మే ముందుకొచ్చింది.

"బండి ఆపీసినారు, బాగుంది. రేపు ఇంకో పిల్లకి నొప్పులొత్తే మాం ఏటి సెయ్యాల? మంచం మీద మోసుకురావాల?"

దానికి మా నిబంధనల్లో జవాబు లేదు. బండి ఆపేయడం సులువు. ఆపేసి ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయే ఇన్స్పెక్టర్లు నాకు తెలుసు. వాళ్ళని తప్పు పట్టను, కాని వాళ్ళు సగం పనే చేశారంటాను.

బైరాగి గింజుకున్నాడు. "జెట్టు తగ్గించీసి, సైలెన్సరు పెట్టీసి, ఆ దిబ్బ ఎలగెక్కుతాదండీ? ఇసకలో బలం కావాల."

అప్పుడు చెప్పాడు గున్నయ్య. "బావా, ఆ రోజు మట్టలు పరిసి తోత్తే సగం తొక్కుడికే ఎక్కీసింది. నాను సూసినాను. కావాల్సింది బలం కాదు, పట్టు."

బైరాగి మీద నాకు కోపం లేదు. ఎంత బలం కావాలో కొలిచి జెట్టు కోసినవాడు, కాలిన గాలి ఎటు పోతుందో ఒక్కసారి వంగి చూసుంటే ఇదంతా జరిగేది కాదు. ఈ రోజు కంప్యూటర్ల లెక్కలు మార్చే కుర్రాళ్ళకి కూడా నేను చెప్పేది అదే. ముందర నుంచి ఎంత బలం తీశావో కాదు, వెనక నుంచి ఏం వదిలావో, అది ఎవరి ముక్కులోకి పోయిందో చూడు.

చివరికి బైరాగే పని మొదలుపెట్టాడు. మామూలు జెట్టు మళ్ళీ బిగించాడు. సైలెన్సరు పెట్టి, గొట్టాన్ని బండి వెనక దాకా తెచ్చి బయటికి తిప్పి క్లాంపులతో కట్టాడు. నేల చెక్కల మీద రేకు పరిచి సందులన్నీ మూశాడు. ఒడ్డు ఊళ్ళవాళ్ళు దిబ్బ పొడుగునా కొబ్బరి మట్టలు, కొబ్బరి పీచు డొక్కలు పరిచి తొక్కి గట్టి చేశారు. ఆ పనికి ఎవరూ ఎవర్నీ పిలవలేదు, ఇంటికొకరు వచ్చారు. అవి కుళ్ళినప్పుడల్లా కొత్తవి వేసేవారు.

తిరిగి ఎఫ్.సి. ఇచ్చే ముందు నేను వజ్రపుకొత్తూరు నుంచి పలాస దాకా వెనకాలే కూర్చుంటానన్నాను, టార్పాలిను దించి కట్టి. నూకమ్మ కూడా ఎక్కింది, సంతకి వెళ్ళే బుట్టతో. ఆమె పక్కన ఎర్రమ్మ, ఒళ్ళో పసిపాప. పాపని డాక్టరమ్మగారికి చూపించడానికి తీసుకెళ్తున్నారు. దిబ్బ దగ్గరికి రాగానే అందరూ నా మొహమే చూశారు. నేను కూడా నా ఊపిరే లెక్కపెట్టుకుంటున్నాను. బండి మట్టల మీద గలగలమంటూ ఎక్కింది, దిగింది. జీడితోట దాటాం. పాప ఆకలికి ఏడవడం మొదలెట్టింది. నూకమ్మ పెద్దల్లుడి మీద చాడీలు అందుకుంది. పలాస రైలుగేటు వచ్చేదాకా ఆపలేదు.

ఆ సాయంత్రం టెక్కలిలో ఇంట్లో అడుగు పెట్టగానే మా ఆవిడ ముక్కు మూసుకుంది.

"ఇదేమిటండీ ఈ వాసన? చేపల బుట్టలో కూర్చుని వచ్చారా?"

"అవును, పక్కనే కూర్చున్నాను. పెట్రోలు పొగలాంటిది ఇంకే వాసనైనా వస్తోందా చూడు," అన్నాను చొక్కా చెయ్యి ఆవిడ ముక్కు దగ్గర పెట్టి.

ఆవిడ విసుక్కుంటూనే వాసన చూసింది. "లేదు. చేపలే," అంది.

నాకు నవ్వాగలేదు. ఆ చొక్కాతోనే నూతి గట్టు మీద కూర్చుని హాయిగా నవ్వుకున్నాను. మా ఆవిడ నీళ్ళు తోడి నెత్తి మీద పోసేదాకా అక్కణ్ణించి లేవలేదు.